పరదేశపు గడపలో చీరాల రుమాలు

కొత్త బట్ట ఇంటికి వచ్చినప్పుడు మన ఆడవారు మొదట చేసే పని ఒకటి ఉన్నది. చీర అయితే చెంగు కొసను, గుడ్డ అయితే ఒక మూలను కొంచెం తడిపి, తెల్లని పేలికతో రుద్ది చూస్తారు. పేలికకు రంగు అంటిందా, ఇక ఆ బట్టను తక్కినవాటితో కలిపి ఉతకరు. ఉప్పునీళ్ళలో విడిగా నానవేస్తారు. అంగడివాడు ఎంత నమ్మబలికినా ఈ పరీక్ష మాత్రం మానరు. అంగడివాడి మాట అంగడివాడిది, ఇంటి జాగ్రత్త ఇంటిది.

ఇంటికి గడప ఉన్నట్లే దేశానికీ గడప ఉన్నది. పరదేశపు సరుకు ఆ గడప దాటడానికి రెండు అడ్డులు ఉంటాయి. ఒకటి సుంకం. ఇంత విలువ గల సరుకుకు ఇంత రొక్కం అని చెప్పి వసూలు చేస్తారు. అది పైకి కనిపించే అడ్డు. రెండవది పరీక్ష. పోగులు ఎన్ని, కొలత ఎంత, రంగు ఏది, అంచున ఏ గుర్తు ఉన్నది, ఏ పత్రం వెంట వచ్చినది అని అడుగుతారు. రొక్కం ఉన్నవాడు సుంకం కట్టి లోపలికి పోగలడు. పరీక్షలో తప్పినవానికి రొక్కం ఉన్నా దారి లేదు. నేటి వర్తక పరిభాషలో ఈ రెండవ అడ్డుకు సాంకేతిక ప్రతిబంధకం అని పేరు. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినప్పుడు దీనిని గురించి ప్రత్యేకంగా ఒక ఒడంబడిక కూడా అమలులోకి వచ్చినది.

పేరు కొత్తదే కాని పని చాలా పాతది. ఎంత పాతదో తెలుసుకొనుటకు దూరం పోనక్కరలేదు. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండి, 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరి, 2022 నుండి బాపట్ల జిల్లాలో ఉన్న చీరాల ప్రాంతం నేతకు పుట్టినిల్లు. అక్కడి రుమాలు నడచిన దారిని అనుసరించి పోతే, నాలుగు శతాబ్దాల పరీక్షల చరిత్ర మన కళ్ళ ఎదుట నిలుస్తుంది.

చీరాలకు ఈశాన్యంగా కృష్ణా ముఖద్వారం వైపు నిజాంపట్నం రేవు ఉన్నది. ఐరోపావారు దానిని పెటపోలి అని వ్రాసుకొన్నారు. 1606లో డచ్చివారు అక్కడ కోఠీ పెట్టినారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి గ్లోబు అనే ఓడ అక్కడికి వచ్చి, అటుపైన మచిలీపట్నం చేరినది. వారు వచ్చినది బట్ట కోసం. ముఖ్యంగా రంగుబట్ట కోసం. ఈ తీరపు ఇసుక నేలలలో చిరివేరు అనే మొక్క పెరుగుతుంది. దాని వేరు నుండి ఎరుపు వస్తుంది. నూలును కరక్కాయ నీళ్ళలో నానవేసి, పటిక పట్టించి, చిరివేరు కషాయంలో ఉడికిస్తే ఆ ఎరుపు పోగును వదలదు. నీలికి నీలిమందు తొట్టి ఉండనే ఉన్నది. ఉతికిన కొద్దీ వెలిసిపోయే రంగులకు అలవాటు పడిన ఐరోపా ప్రజలకు, ఉతికినా నిలిచే ఈ రంగు ఒక వింత. కనుక ఈ తీరపు బట్టను వారు అడిగిన మొదటి ప్రశ్న “రంగు నిలుస్తుందా?” అన్నది. ఆ ప్రశ్నకు మన నేతవారు, అద్దకపువారు తడబడకుండా సమాధానం చెప్పగలిగినారు.

బట్ట నాణ్యానికి కొలత కూడా ఆనాడు మనదే. పడుగులో నూటఇరవై పోగులు ఒక పుంజం. ఇన్ని పుంజాల బట్ట అంటే అది ఎంత చిక్కని నేతయో నేతగానికీ, వర్తకునికీ, ఓడ ఎక్కించుకొనే దొరకూ ఒకేసారి అర్థమయ్యేది. ఇంగ్లీషు కంపెనీవారి లెక్కలలోకి సైతం ఈ తెలుగు మాట అట్లే ఎక్కినది. అయితే క్రమంగా కొలకర్ర చేతులు మారినది. కంపెనీవారు తమ గిడ్డంగులలో మచ్చు గుడ్డలు ఉంచుకొని, వచ్చిన ప్రతి తానునూ దానితో పోల్చి, మొదటి రకం, రెండవ రకం, మూడవ రకం అని విడదీసేవారు. మచ్చుకు తగ్గిన దానికి ధర తగ్గించేవారు, లేదా తిప్పిపంపేవారు. ముందుగా సొమ్ము తీసుకొన్న నేతగానికి తిరిగివచ్చిన తాను అంటే తీరని అప్పు. నాణ్యపు పరీక్ష న్యాయమైనదే కావచ్చు. కాని పరీక్షించేవాడూ, కొనేవాడూ, అప్పు ఇచ్చినవాడూ ఒక్కడే అయినప్పుడు దాని ఫలితం ఎవరి వైపు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు.

ఇక సముద్రానికి ఆవలి సంగతి చూద్దాము. మన రంగుబట్ట లండను నగరంలో ఇంటింటా ప్రవేశించినది. రాణి మొదలు దాసి వరకు కాలికో బట్ట కట్టినారు. అక్కడి పట్టు, ఉన్ని నేతవారికి పని తగ్గినది. వారు పార్లమెంటుకు మొరపెట్టుకొన్నారు. 1700లో ఒక చట్టం చేసినారు. హిందూదేశం, పారసీకం, చైనాల నుండి వచ్చే అద్దకపు బట్టను, రంగుబట్టను 1701 సెప్టెంబరు 29 తరువాత ఇంగ్లండులో ఎవరూ కట్టరాదు, ఇంట వాడరాదు అన్నారు. తెల్లబట్టకు మాత్రం అడ్డు లేదు. తెల్లబట్టను దింపుకొని లండనులోనే అద్దకం వేసే పరిశ్రమ దానితో పెరిగినది. నేతవారి కోపం చల్లారలేదు. 1719లో స్పిటల్‌ఫీల్డ్సు నేతవారు వీథులలో గుంపులుగా తిరిగి, కాలికో కట్టిన స్త్రీల దుస్తులపై సిరా చల్లినారు, చించినారు. 1721లో ఇంకొక చట్టం వచ్చినది. 1722 డిసెంబరు 25 నుండి రంగు వేసిన కాలికో ఏదైనా కట్టినవారికి ఐదు పౌనులు, అమ్మినవారికి ఇరవై పౌనులు జరిమానా. నీలి ఒక్కటే అద్దిన బట్టకు, మస్లినులకు మినహాయింపు ఇచ్చినారు.

ఈ చట్టంలో ఒక్క విషయం గమనింపదగినది. బట్ట మంచిదా, చెడ్డదా అన్న విచారణ ఇందులో లేదు. రంగు నిలుస్తుందా అన్న ప్రశ్న లేదు. నిలుస్తుంది కనుకనే దానిపై నిషేధం! పరీక్ష రూపంలో అడిగినది “నీవు ఎవరి బట్టవు?” అన్న ప్రశ్న మాత్రమే. ఆ దేశంలోనే మరలతో నూలు వడకడం మొదలైన తరువాత, 1774లో, తమ మరల నూలుబట్టకు అద్దకం వేయడానికి అనుమతి ఇస్తూ మరొక చట్టం చేసినారు. దేశీయపు బట్ట అని తెలియడానికి దాని అంచులలో మూడేసి నీలిపోగులు నేయవలెనని అందులో నియమించినారు. అంచులో మూడు నీలిపోగులు ఉంటే లోపలికి, లేకుంటే బయటికి. నేతపనిలో అణుమాత్రపు భేదం. రెండు దేశాల నేతగాండ్ర బ్రతుకుల మధ్య మాత్రం అది గోడ. 1813 నాటికి మన తెల్ల కాలికో పై ఇంగ్లండు సుంకం సరుకు విలువలో నూటికి డెబ్బయి దాటినది. పరీక్షా, సుంకమూ రెండూ కలిసి పనిచేసినాయి.

1700 నాటి చట్టంలో ఒక సందు ఉన్నది. నిషేధించిన బట్టను లండనుకు తీసుకొని వచ్చి, తాళం వేసిన గిడ్డంగులలో ఉంచి, ఇతర దేశాలకు మళ్ళీ ఎగుమతి చేయవచ్చును. తాము కట్టరాదన్న బట్టను ఇతరులకు అమ్ముకొనడానికి అడ్డు చెప్పుకోలేదన్నమాట. అట్లా మళ్ళించిన బట్టలో చాలా భాగం పశ్చిమ ఆఫ్రికా తీరానికి పోయినది. అక్కడ ఆ బట్టకు బదులుగా కొన్నది దంతమూ, బంగారమూ మాత్రమే కాదు, మనుష్యులను కూడా కొన్నారు. మన మగ్గాల మీద నేసిన బట్ట బానిస వ్యాపారంలో మారకపు సొమ్ము అయినది. నేసినవానికి ఈ సంగతి తెలియదు. అయినా చరిత్ర చెప్పుకొనేటప్పుడు దీనిని దాచరాదు.

ఆ వ్యాపారం పోయిన తరువాత కూడా ఆఫ్రికాలో మన బట్ట నిలిచినది. నైగరు నది ముఖద్వారంలోని దీవులలో కలబారి అనే జాతివారు ఉన్నారు. గళ్ళు, చారలు గల మన మద్రాసు రుమాలును వారు ఇంజిరి అని పిలుస్తారు. రుమాలు అన్నానని జేబురుమాలు అనుకొనరాదు. గజం వెడల్పున ఎనిమిది గజాల తాను అది. చదరాలుగా కోయడానికి వీలుగా నేసినది కనుక రుమాలు అన్నారు. కలబారివారు దానిని నడుముకు చుట్టుకొంటారు. ఇంటి పెద్ద మరణించినప్పుడు ఆ ఇంటి గదులను, శయ్యను ఈ బట్టలతో అలంకరిస్తారు. వారి స్త్రీలు నేసిన గుడ్డలో నుండి కొన్ని పోగులను బ్లేడుతో కోసి, లాగివేసి, మన నేతగాడు ఊహింపని కొత్త చిత్రాన్ని అందులో తీస్తారు. దానికి వారి భాషలో పెలెటె బిటె అని పేరు. కోసిన బట్ట అని అర్థం. అట్లా మన గళ్ళగుడ్డ వారి సొంత గుడ్డ అయినది. అసలుదేదో, నకలుదేదో వారు ముట్టుకొని, వాసన చూసి చెప్పగలరట. మరల మీద నేసి, అదే అచ్చున దింపిన గుడ్డలను ఐరోపా వర్తకులు పంపినప్పుడు వారు కొనక తిప్పివేసిన సందర్భాలు ఉన్నాయి.

ఇరువదవ శతాబ్దంలో ఈ రుమాళ్ళ నేతకు చీరాల, దాని చుట్టుపట్ల పల్లెలు ముఖ్యస్థానం అయినాయి. అక్కడే తేలియా రుమాలు కూడా పుట్టినది. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీటిలోనూ ఎన్నో రోజులు పదును చేసి, పోగులను కట్టి, ఎరుపు నలుపులు అద్ది నేసే ఆ గుడ్డ అరబ్బు దేశాలకు తలగుడ్డగా పోయేది. తరువాత ఆ విద్య ఒకప్పటి నల్లగొండ జిల్లా పుట్టపాకలో నిలిచి, 2020లో భౌగోళిక గుర్తింపు పొందినది.

ఈ ఎరుపు ఇప్పుడు చిరివేరు ఎరుపు కాదు. ఇక్కడ కథ ఒక మలుపు తిరుగుతుంది. 1868లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు గ్రేబే, లీబర్‌మన్ అనేవారు వేరులో ఉండే ఎర్రరంగు పదార్థాన్ని ప్రయోగశాలలో చేసినారు. దాని పేరు అలిజరిన్. 1897లో జర్మనీ నుండే కృత్రిమ నీలి బజారుకు వచ్చినది. చిరివేరు త్రవ్వేవారికీ, నీలిమందు పండించేవారికీ పని పోయినది. వీటి నడుమ 1884లో కాంగో ఎరుపు అనే రంగు వచ్చినది. పటిక వద్దు, కరక్కాయ వద్దు, నూలును రంగునీళ్ళలో ముంచి ఉడికిస్తే చాలు. అజో జాతి రంగులలో ఇది ఒకటి. పని సులువు, ధర తక్కువ. ఇరువదవ శతాబ్దంలో ఈ జాతి రంగులు పొట్లాలుగా మన అంగళ్ళకు చేరి, అద్దకపు పల్లెలలో స్థిరపడినాయి. వేరు నుండి రంగు తీసే విద్యను రెండు తరాలలో మరచినారు.

స్వాతంత్ర్యానికి ముందు మన నేతవారి స్థితిని శ్రద్ధగా పరిశీలించినవారు కొందరు ఉన్నారు. నిడుబ్రోలువాసి ఆచార్య ఎన్. జి. రంగా 1930లో చేనేత ఆర్థికస్థితిని గురించి ఒక గ్రంథం ప్రకటించినారు. 1941లో భారత ప్రభుత్వం నియమించిన చేనేత, మిల్లుల నిజనిర్ధారణ సంఘానికి మద్రాసు విశ్వవిద్యాలయపు ఆచార్యులు పి. జె. థామసు అధ్యక్షులు. ఇంగ్లండులో కాలికో నిషేధాల చరిత్రను 1926లో గ్రంథంగా వ్రాసినవారు కూడా ఈయనే. పరదేశపు గడప మన బట్టను ఎట్లా ఆపినదో తెలిసిన మనిషి, మన పల్లెలోని మగ్గం ఎట్లా నడుస్తున్నదో లెక్కలు వేసినారు. చీరాలను కార్యస్థానం చేసికొన్న ప్రగడ కోటయ్యగారు నూలు కోసం, సహకార సంఘాల కోసం, చేనేతకు కొన్ని రకాల బట్టలను ప్రత్యేకించడం కోసం జీవితమంతా పోరాడినారు.

1960 దశకంలో మన గళ్ళగుడ్డకు అమెరికాలో ఒక చిత్రమైన ఆదరణ లభించినది. ఉతికినప్పుడల్లా రంగు కొంచెం విడిచి, ఒక గడి రంగు మరొక గడిలోకి ప్రాకే మద్రాసు గుడ్డను అక్కడి యువకులు చొక్కాలుగా కుట్టించుకొన్నారు. “రంగు విడుస్తుందని హామీ” అని వర్తకులు ప్రకటించుకొన్నారు! మన ఇంట్లో పేలికతో రుద్ది చూసి ఏ దోషం పట్టుకొంటామో, అదే దోషం అక్కడ అసలుదనానికి గుర్తు అయినది. మూడువందల ఏండ్ల క్రితం రంగు నిలుస్తుందా అని అడిగిన పాశ్చాత్యులు ఇప్పుడు రంగు విడుస్తుందా అని అడిగినారు. సంతోషించదగినదే. కాని వేడుక మీద నిలిచిన వ్యాపారం వేడుక తీరేదాకానే. ఆ దశాబ్దం గడిచేసరికి ఆ మోజు తగ్గినది.

ఆఫ్రికా గడప కూడా బిగుసుకొన్నది. నైజీరియా 1960లో స్వతంత్రమైనది. అంతకు ముందే, 1957లో, కడునా నగరంలో బట్టలమిల్లు నెలకొన్నది. తమ మిల్లులను కాపాడుకొనడానికి 1970 దశకం చివర నుండి ఆ ప్రభుత్వం పరదేశపు బట్టపై నిషేధాలు పెడుతూ, సడలిస్తూ, మళ్ళీ పెడుతూ వచ్చినది. చీరాల రుమాలుకు అది పెద్ద దెబ్బ. అయినా నైజీరియాను నిందించే ముందు ఒక్కమాట. ఇంగ్లండు 1700లో చేసినది అదే. కొన్ని రకాల బట్టలను మిల్లులు నేయరాదని 1985లో మన పార్లమెంటు చట్టం చేసినప్పుడు మన ఉద్దేశమూ దుర్బలుణ్ణి కాపాడడమే. ఎవరి ఇంటి బిడ్డను వారు కాచుకొంటారు. అయితే ఇట్టి కాపుదలను కాపుదల అనియే చెప్పవలెను. ఆరోగ్యం అనియో, నాణ్యం అనియో పేరు మార్చరాదు.

సంపన్న దేశాలు 1974 నుండి 2004 చివర వరకు బట్టల దిగుమతికి కోటాలు విధించినాయి. అందులో పల్లెటూరి కుటీర పరిశ్రమగా నేసిన చేనేత బట్టకు మినహాయింపు ఉన్నది. అయితే అది చేనేతయే అని రుజువు చూపవలెను. గుంటమగ్గంలో కాలు పెట్టి, నాడె విసరి నేసినవానికి అది చేనేత అని వేరే రుజువు ఏమి కావలెను? గడప దగ్గరి అధికారికి మాత్రం పత్రం కావలెను. 1963 నాటి చట్టం క్రింద ఏర్పడిన టెక్స్‌టైల్స్ కమిటీ వంటి సంస్థలు ఆ పత్రాలు ఇచ్చే పని చేపట్టినాయి. 1965లో చేనేత ఎగుమతుల ప్రోత్సాహక మండలి మద్రాసులో నెలకొన్నది. 2006లో చేనేత ముద్ర వచ్చినది. గుర్తులు మన చేతికి రావడం ఆరంభమైనదని చెప్పవచ్చును.

ఇంతలో మరొక ప్రశ్న వచ్చినది. 1994లో జర్మనీ ఒక ఆజ్ఞ జారీచేసినది. కొన్ని అజో రంగులు శరీరానికి తగిలినప్పుడు విడిపోయి, పుట్టకురుపు కలిగించే పదార్థాలుగా మారగలవు కనుక, అట్టి రంగులతో అద్దిన దుస్తులు తమ దేశంలోకి రాకూడదన్నారు. గడువులు పొడిగించిన తరువాత 1996లో అది పూర్తిగా అమలుకు వచ్చినది. 1997లో భారత ప్రభుత్వం కూడా ఈ రంగుల వాడకాన్ని నిషేధించినది. 2002లో ఐరోపా సమాఖ్య అంతటా ఇదే నియమమైనది. ఇరవైరెండు పదార్థాలలో ఏదీ కిలో బట్టకు ముప్పై మిల్లీగ్రాములకు మించి తేలరాదు. వేరును మరపించి, రంగు పొట్లాన్ని చేతికి ఇచ్చిన దేశమే, నూరేండ్ల తరువాత “ఆ రంగులో ఏమున్నది?” అని అడిగినది.

ఈ మాట విన్నప్పుడు మనకు వెంటనే కాలికో చట్టం జ్ఞాపకం వస్తుంది. ఇదీ ఆ కుట్రయేనా? తొందరపడి ఔననరాదు. రంగుల కర్మాగారాలలో పనిచేసేవారికి మూత్రకోశంలో పుట్టకురుపు వస్తున్నదని 1895లోనే ఫ్రాంక్‌ఫర్టు వైద్యుడు లుడ్విగ్ రేన్ ప్రకటించినాడు. అజో రంగులలో కొన్నింటికి మూలమైన బెంజిడీన్ అనే పదార్థం ఆ రోగానికి కారణమని తరువాత స్థిరపడినది. మరి ఆ రంగుతో ఎక్కువ సహవాసం ఎవరికి? చొక్కా తొడిగిన జర్మను యువకునికా, మోచేతుల వరకు తొట్టిలో ముంచి నూలు చిలపలు పిండే మన అద్దకపువానికా? నిషేధం మొదట రక్షించినది, రక్షించవలసినది మనవాణ్ణే. ఆ ప్రశ్న పరదేశి అడిగేదాకా మనం అడగకపోవడమే మన లోపం.

అయితే న్యాయమైన ప్రశ్న కూడా బీదవానిపై బరువుగా పడవచ్చును. ఒక మిల్లు పదివేల మీటర్లకు ఒకే తొట్టిలో రంగు పట్టిస్తుంది. దానికి ఒక పరీక్ష చాలు. చేనేతవాడు నూరు మీటర్ల బట్టకు నాలుగు రంగుల నూలు నాలుగుచోట్ల అద్దించుకొంటాడు. పరీక్ష రుసుము ఎంతైనా కానీయండి, మీటరు ఒకటికి మిల్లుపై పడిన దానికి నూరురెట్లు చేనేతపై పడుతుంది. రంగులు నాలుగు కనుక అది నాలుగు వందల రెట్లు కూడా కావచ్చును. పైగా చిల్లర అంగడిలో విడిగా తూచి ఇచ్చిన రంగుపొట్లానికి పేరు ఉండదు, చేసినవాని గుర్తు ఉండదు. తప్పు ఎక్కడ జరిగినదో నేతగానికే తెలియదు. శిక్ష మాత్రం తిరిగివచ్చిన తాను రూపంలో వాని ఇంటికే వస్తుంది.

ఈ మైదానంలోనే మరొక ఎరుపు కూడా ఇదే చిక్కులో పడినది. అది మిరప ఎరుపు. సూడాన్ రంగు అనేది కూడా అజో జాతికి చెందినదే. నూనెలకు, మైనాలకు వేసే రంగు, తినదగినది కాదు. 2003లో భారతదేశం నుండి పోయిన కారంపు సరుకులో అది ఉన్నట్లు ఫ్రాన్సులో కనుగొన్నారు. ఆ జూన్ 20న ఐరోపా సమాఖ్య, సూడాన్ లేదన్న పరీక్షా పత్రం లేనిదే మిరప సరుకు దింపరాదని నిర్ణయించినది. 2005లో బ్రిటనులో ఈ రంగు కలిసిన కారంపొడి వాడినారని వందలాది ఆహారపదార్థాలను అంగళ్ళ నుండి తీసివేసినారు. గుంటూరు రైతు కాయను కళ్ళంలో ఎండబోసి ఎరుపు తెస్తాడు. రంగు కలిపినది అతడు కాదు. దారి నడుమ ఎవరో అత్యాశాపరుడు కలిపినది. పరదేశపు గడపలో మాత్రం పంట పేరే చెడినది. స్పైసెస్ బోర్డు మిరప ఎగుమతులకు ఈ పరీక్షను తప్పనిసరి చేసి, గుంటూరులోనే పరీక్షాశాల నెలకొల్పినది. ఇది సరియైన దారి. పరదేశి రేవులో తప్పు పట్టుకొనేలోపల మన ఊరిలోనే మనం పట్టుకొనడం నయం కదా.

ఇన్ని శతాబ్దాల కథలో మనకు తేలినది ఏమిటి? గడపలోని పరీక్షలన్నీ ఒకటి కావు. వాటిలో కొన్ని ఒంటిని కాపాడేవి, కొన్ని పోటీదారుణ్ణి కాపాడేవి. రెండూ ఒకే భాషలో మాట్లాడుతాయి. వాటిని విడదీసి చూడగలిగేది తన చేతిలో కొలకర్ర ఉన్నవాడు మాత్రమే. 1721లో చట్టం చేసినప్పుడు చీరాల నేతవాణ్ణి ఎవరూ అడగలేదు. అడుగవలెనన్న తలపు కూడా ఎవరికీ లేదు. 1995 నాటి ఒడంబడిక ప్రకారం కొత్త నియమం చేయబోయే దేశం ముందుగా తెలియజేయవలెను, ఇతరుల మాట వినడానికి వ్యవధి ఇయ్యవలెను, ఆరోగ్యం మొదలైన ప్రయోజనానికి అవసరమైన దానికంటే ఎక్కువ అడ్డు పెట్టరాదు. మన దేశంలో ఈ సమాచారానికి విచారణ కేంద్రంగా భారతీయ ప్రమాణాల సంస్థ ఉన్నది. మాట చెప్పడానికి తలుపు తెరచి ఉన్నది. అయితే చెప్పేవాని దగ్గర లెక్క ఉండవలెను. మన రంగులో ఇది ఉన్నది, ఇది లేదు అని చెప్పగల పరీక్షాఫలితం ఉండవలెను.

దానికి పెద్ద పెట్టుబడులు అక్కరలేదు. పది సంఘాలు కలిసి ఒక్కచోట నూలు అద్దించుకొంటే, ఒక్క తొట్టికి ఒక్క పరీక్ష సరిపోతుంది, బరువు పదిమందికి పంచుకొనవచ్చును. పేరులేని రంగుపొట్లం కొననని అద్దకపువాడు నియమం పెట్టుకొంటే, అంగడివాడు పేరున్న పొట్లం తెచ్చి పెడతాడు. కొలతలు మిల్లుల కోసమే కాక, మగ్గం కోసం కూడా ఉండవలెనని మన ప్రతినిధులు పట్టుపట్టవచ్చును.

తెల్ల పేలికతో చీర అంచును రుద్ది చూసే ఇల్లాలు ఏ చట్టమూ చదువలేదు. కాని తన ఇంటి బట్టలు చెడకుండా కాపాడుకొనే హక్కు తనదని ఆమెకు తెలుసు, పరీక్ష తానే చేయవలెననీ తెలుసు. ఆమె ఆ చీర కొనడానికి ముందే, చీరాల మగ్గం మీద నుండి దించిన బట్టకు ఆ పేలిక పరీక్ష మన ఊరిలోనే జరిగిన నాడు, పరదేశపు గడపలో ఏ ప్రశ్న అడిగినా నేతగానికి సమాధానం సిద్ధంగా ఉంటుంది.